గోడ మీద రాత

ఈ సంగతి ముందే రాయకపోవడానికి కారణం ఒక్కటే. అప్పట్లో నాకు రాయడం రాదు. ముప్పై ఏడో ఏట పలక పట్టాను.

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. నమ్మింది మా ఆయనను.

1956లో, పెళ్లయిన కొత్తలో, మా ఊరు కోదాడలో డేరా టాకీసుకు ఒక దయ్యం సినిమా వచ్చింది. మా వాడకట్టు టీచరమ్మ ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుతున్న రోజులవి. ఆయన వద్దంటున్నా నేను ఆమె దగ్గరికి పోదామనే అనుకుంటున్నాను. సినిమాకు ఇద్దరం పోయాం. అందులో దయ్యం బొగ్గుతో గోడ మీద ఏదో రాసింది. రెండు వరుసలు. ఏమిటని ఆయనను అడిగాను. "మొగుడి మాట దాటిన ఆడది బతకదు" అని చదివి చెప్పాడు.

దయ్యాన్ని చూసి నవ్వుకున్నాను గానీ, రాతకు భయపడ్డాను. చదువు రానివాళ్లకు రాత మీద ఉండే నమ్మకం చదువుకున్నవాళ్లకు ఉండదు. టీచరమ్మ దగ్గరికి పోనేలేదు.

ఇరవై ఏళ్ల తర్వాత టీచరమ్మే మా ఆయనను ఒప్పించింది. అట్లా ఆయన మాట దాటకుండానే అక్షరాలు నేర్చుకున్నాను. సూర్యాపేటలో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి పని ఉందని, సంతకం వస్తే చాలని ఆమే చెప్పింది. ఆయన మళ్లీ వద్దన్నాడు. "సంతకం నేర్చుకున్నవ్, సాలు. ఇగ కొలువు గిలువు ఏందే?" నాకూ ఆ గోడే అడ్డం వచ్చింది.

ఆ వారమే అదే సినిమా మా ఊరి హాలుకు పగటి ఆటగా వచ్చింది. టీచరమ్మను వెంటబెట్టుకొని పోయాను. పట్టుమని పదిమంది లేరు. దయ్యాన్ని పైకి లేపిన తాడు కనపడుతోంది. కాళ్లకు చెప్పులున్నాయి.

"ఓ దయ్యమా, సెప్పులు పైలం, ఎత్తుకపోతరు!" అని ముందు బెంచీ నుంచి ఎవరో అరిచారు. అందరితోపాటు నేనూ నవ్వాను.

అంతలో గోడ వచ్చింది. రెండు వరుసలు, మునుపటి చోటనే. కూడబలుక్కుంటూ చదివాను.

నర్సమ్మా,
పోయి రా.

అది నా పేరే.

"టీచరమ్మా, గోడ మీద ఏం రాసున్నది?"

"రాతేందే? ఉత్త సున్నం గోడ గద. అద్దాలు నాకు కావాల్నా, నీకు కావాల్నా?"

ఇంటికొచ్చి మా ఆయనను నిలేశాను.

"ఆనాడు గోడ మీద ఏం సదివినవ్?"

ఆయన చుట్ట పక్కన పెట్టాడు. "గోడ మీద ఏం లేకుండె. నువ్వేమో ఏం రాసింది, ఏం రాసింది అని పానం తీస్తివి. నోటికొచ్చింది సెప్పిన."

"నీ నోటికొచ్చినదానికి ఇరవై ఏండ్లు భయపడ్డనా?"

"గంత పట్టుకుంటవని నాకేమెరుక?"

కొత్తగా చదువొచ్చినవాళ్లకు ఎటు చూసినా అక్షరాలే కనపడతాయని టీచరమ్మ అంది. సరే. మరి ఒక్క అక్షరం కూడా రాని రోజున నేను చూసిందేమిటి? చదువొచ్చిన ఇద్దరికీ కనపడని రాత నాకెట్లా కనపడింది? ఇప్పటికీ నాకు తెలియదు. తెలిసినవాళ్లు చెప్పండి, వింటాను. కనపడలేదని మాత్రం అనకండి.

మరునాడు పొద్దున మొదటి బస్సుకు సూర్యాపేట పోయాను. హాస్టల్ గుమాస్తా నా ముఖం చూసి, అడగకుండానే వేలిముద్ర సిరాపెట్టె ముందుకు జరిపాడు. దాన్ని వెనక్కి నెట్టి, కలం అడిగాను.