మ్యాచ్ రోజున పంపిన ఫ్లాస్కు

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి మా ఆయన పెళ్ళైన మూడో రోజున కనిపెట్టాడు. బడిలో చేరిన పిల్లలైతే మొదటి గంటలోనే కనిపెట్టేస్తారు. కోపం కాక నాకున్నవి ఇంకో రెండు: క్రికెట్ పిచ్చి, చక్కెర జబ్బు. మూడింట్లోనూ ఇష్టపడి తెచ్చుకున్నది క్రికెట్ ఒక్కటే. మిగిలిన రెండూ మా నాన్న దగ్గర్నుంచి అడక్కుండానే వచ్చాయి.

మాది వైరా. టీచరు ఉద్యోగం మాత్రం చర్ల దాటాక అడవిలో ఉన్న ఒక చిన్న ఊళ్ళో. మా ఆయన వైరాలోనే ఉంటాడు, నేను సెలవులకు పోయి వస్తుంటాను. మా బడి ఊరికి బస్సు ఒక్కటే. పొద్దున ఆరున్నరకు భద్రాచలం పోతుంది, సాయంత్రం ఐదున్నరకు తిరిగొస్తుంది. ఐదున్నర అంటే ఐదు నుంచి ఏడు దాకా ఎప్పుడైనా కావచ్చు. ఆ రోడ్డు మీద ప్రయాణం చేసినవాళ్ళెవరూ డ్రైవరును తప్పుపట్టరు.

ఊళ్ళో ఎవరికి ఏం కావాలన్నా ఆ డ్రైవరుకు చెప్పడమే. కుట్టుమిషన్ బెల్టు, మిక్సీ జారు, కోళ్ళ మందు, ఒకసారి పెళ్ళిచూపులకు మల్లెపూలు కూడా ఆయన సీటు వెనకున్న గోనెసంచిలో వచ్చాయి. కొత్తలో నేను గాజులు తెమ్మంటే, మర్నాడు బస్సు ఆపి, "మేడం, ఎర్రయి దొరకలే. మెరూన్ తెచ్చిన, నడుస్తదా?" అని అడిగాడు. నడవదని అంటే మళ్ళీ మార్చుకొచ్చేవాడే. నా చెల్లెలు సైతం నా కోసం అంత ఓపిక పట్టదు.

నా మందు కూడా అవసరమైతే అలాగే వచ్చేది. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ సూది వేసుకోవాలి. అది చల్లగా ఉండాలి. మా ఊళ్ళో కరెంటును నమ్ముకుని ఫ్రిజ్జు కొంటే అది బీరువాగా పనికొస్తుంది, అంతే. అందుకని పెద్ద కుండలో తడి ఇసుక పోసి, దాంట్లో చిన్న ముంత పెట్టి, ముంతలో మందు సీసా దాచుకుంటాను. ఈ ఉపాయం నేర్పింది బస్సాగే చోట టీకొట్టు నడిపే ఆవిడ. ఊరంతా ఆమెను హోటలమ్మ అంటుంది, నేను అక్కా అంటాను. నేను వచ్చిన మొదటి వారం నుంచి నాకు చక్కెర లేని టీ విడిగా కాచి ఇస్తోంది. ఒక్కరోజు కూడా మర్చిపోలేదు.

మూడేళ్ళ కింద వానాకాలంలో వాగు పొంగి రెండు రోజులు మందు అందలేదు. మూడో రోజు నన్ను ట్రాక్టరులో పడుకోబెట్టి భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్ళారట. నాకేమీ గుర్తులేదు. ఇక ముందు ఒక్క పూట తప్పినా ఊరుకునేది లేదని డాక్టరు నాకే కాదు, నన్ను మోసుకొచ్చిన వాళ్ళకు కూడా గట్టిగా చెప్పి పంపాడు.

ఇంత తెలిసీ నేను చేసిన పని చెప్తాను.

ఇప్పపువ్వు రాలే రోజులు. ఆదివారం తెల్లవారి సూది వేసుకుని, సీసాను ముంతలో పెట్టబోతుంటే తడి చేతిలోంచి జారింది. సిమెంటు గచ్చు మీద పడి ముక్కలైంది. అదే ఆఖరి సీసా. సాయంత్రం ఏడు లోపల ఇంకో సూది పడాలి. బస్సుకు ఇంకా అరగంట ఉంది. బుద్ధున్న మనిషైతే చీర మార్చుకుని బస్సెక్కాలి. నేను ఎక్కలేదు. ఎందుకంటే మధ్యాహ్నం మ్యాచ్ ఉంది.

అది మన ఆడపిల్లల మ్యాచ్. సిరీస్ చెరి సమానంగా ఉంది, ఆ రోజుతో తేలిపోతుంది. చూద్దామని ఊళ్ళో ఆడవాళ్ళందరినీ నేనే పిలిచాను. సిగ్నలు వచ్చేది హోటలమ్మ కొట్టు దగ్గరే, పెద్ద ఫోను నాదే. నేను పోతే మ్యాచ్ లేదు. అలా నాకు నేను సర్దిచెప్పుకుని, మందు పేరు ఒక చీటీ మీద జెల్ పెన్నుతో రాసి, ఫ్లాస్కులో వేసి, మూత బిగించి, హోటలమ్మ చేతికిచ్చాను. "అక్కా, ఇది డ్రైవరుకు ఇవ్వు. మెడికల్ షాపులో ఇవ్వమను, వాళ్ళు ఐసు ముక్కలేసి మందు పంపుతారు" అని చెప్పి ఇంటికొచ్చి మళ్ళీ పడుకున్నాను. లోపల చీటీ ఉందని మాత్రం చెప్పలేదు. ఫ్లాస్కు ఎవరైనా ఎందుకు తెరుస్తారనుకున్నాను.

మధ్యాహ్నానికి కొట్టు ముందు పదిహేను మంది దాకా ఆడవాళ్ళు చేరారు. ఫోనును బిస్కెట్ల సీసాకు ఆనించి నిలబెట్టాం. అలాంటి జనంతో మ్యాచ్ చూడ్డం నా అదృష్టం. వాళ్ళకు స్కోరుతో పని లేదు, మనుషులతోనే పని. "ఆ టోపీ ఆమె బాలు పట్టదు, బ్యాటు పట్టదు. ఏం చేస్తది?" అని ఒకామె అడిగింది. తీర్పు చెప్తుందన్నాను. "గట్లయితే కూసోని చెప్పరాదా, పాపం ఎండల నిలబెట్టిన్రు" అంది. దూరం నుంచి వికెట్లకు గురిచూసి కొట్టిన పిల్లను చూసి ఇంకొకామె, "ఈ పిల్ల మన దిక్కు పుట్టి ఉంటే గులేరు రాయితో పిట్టను విడిచేది కాదు" అని మెచ్చుకుంది. నేను ఇన్నేళ్ళలో విన్న వ్యాఖ్యానాల్లో నాకు అదే నచ్చింది.

ఆఖరి ఓవర్లలో ఫోను మోగింది. బొమ్మ ఆగిపోయింది, అందరూ ఉసూరుమన్నారు. ఎవరిదో తెలియని నంబరు. అప్పు కావాలా అని అడిగేవాళ్ళయి ఉంటారని కట్ చేశాను. తర్వాతి ఓవరులో మళ్ళీ అదే నంబరు. మళ్ళీ కట్ చేశాను. మూడోసారి మోగేసరికి నాకు తిక్క రేగి, ఆ నంబరును బ్లాక్ చేసి పారేశాను. ఇక మోగలేదు. రెండు బంతులు మిగిలుండగా మన పిల్లలు గెలిచారు. ఒక ముసలామె లేచి, నా రెండు చెంపలూ నిమిరి మెటికలు విరిచింది. ఆడింది నేనైనట్టు నేనూ మురిసిపోయాను.

హోటలమ్మ టీలు పోస్తూ సంతోషంగా అంది: "మెడికల్ షాపాయనకు తేనె నచ్చిందో లేదో, మేడం."

"ఏం తేనె?"

"పొద్దుగాల పంపిన గద, మీ ఫ్లాస్కుల. పాపం, ఆయన ఎన్నిసార్లు మందు పెట్టి పంపిండు, మనం ఎప్పుడూ ఉత్తదే పంపుడాయె. ఉత్త గిన్నె పంపుడు మంచిగుండదని పుట్టతేనె నింపిన."

ఇక్కడ ఎవరింటి గిన్నె అయినా ఖాళీగా గడప దాటదు. కూర పంపిన గిన్నెలో పిడికెడు చిక్కుడుకాయలో, రెండు చింతపండు రెబ్బలో వేసి తిరిగిస్తారు. ఏమీ లేకపోతే చిటికెడు ఉప్పైనా వేస్తారు. నా ఇంటికొచ్చిన గిన్నెల్లోనూ ఆ మర్యాద నేను పాటిస్తూనే ఉన్నాను. నా ఫ్లాస్కు కూడా ఆమె లెక్కలో గిన్నేనని నాకెప్పుడూ తట్టలేదు. చీకట్లో, లోతుగా ఉన్న ఫ్లాస్కు అడుగున ముడిచిన కాగితం ఆమెకెలా కనిపిస్తుంది?

కానీ అప్పుడు నాకు ఇవేమీ తోచలేదు. "అందులో చీటీ ఉందక్కా. తేనెలో నానిపోయి ఉంటుంది. నీకెవరు నింపమన్నారు? చక్కెర జబ్బు దాని ఫ్లాస్కులో తేనె పోస్తావా? నన్ను చంపుదామనుకున్నావా?" అని అందరి ముందూ అరిచాను. ఆమె చేతిలోని టీగిన్నె కింద పెట్టేసింది. అప్పటిదాకా నవ్వుతున్న ఆడవాళ్ళంతా నేల చూపులు చూశారు.

అప్పుడు గుర్తొచ్చింది, మోగిన ఫోను. చీటీ చదవలేక మందు పేరు అడగడానికి షాపాయన చేసి ఉంటాడు. మామూలుగా అయితే చీటీ లేకపోయినా ఆయనకు తెలిసేది. కానీ చలికాలంలో ఖమ్మం డాక్టరు మందు మార్చాడు. కొత్త మందు ఇంతవరకూ ఖమ్మంలోనే కొన్నాను. ఆయనకు తెలిసింది పాతదొక్కటే. బ్లాక్ తీసేసి ఆ నంబరుకు చేశాను. ఆయన భార్య ఎత్తింది. ఆయన ఫోను చెడిపోయి ఆమె ఫోనుతో చేశాడట, ఇప్పుడు షాపులో లేడట, బస్సు పోయి చాలాసేపైందట. ఇంకేదో చెప్తుండగానే సిగ్నలు పోయింది.

అంటే తప్పు హోటలమ్మది సగం కూడా కాదు. పొద్దున బస్సెక్కనిది నేను, చీటీ మాట చెప్పనిది నేను, మూడుసార్లు ఫోను కట్ చేసింది నేను. ఆ మాట ఆమెతో అనాల్సింది. అనకుండా రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. ఇంకో బస్సు మర్నాడు పొద్దునే. ఆమె మాత్రం ఎవరికో పురమాయిస్తోంది. బస్సులో మందు రాకుంటే నన్ను చర్ల దవాఖానాకు తీసుకుపోవడానికి మోటారుసైకిలు కావాలని. అంత తిట్టు తిన్న మనిషి.

ఆరుంబావుకు బస్సొచ్చింది. డ్రైవరు కిందికి దిగుతూనే ఫ్లాస్కు నా చేతికిచ్చాడు. "మేడం, షాపాయన మీకు మూడుసార్లు ఫోన్ చేసిండు."

"తెలుసన్నా. మందు?"

"ఆయన పాతదా కొత్తదా తెల్వదన్నడు. అందాజుకు ఇయ్యనన్నడు, తప్పు మందు పడితే పానం మీదికొస్తదన్నడు. నేను బస్సు ఆపి పెట్టిన. ఎంతసేపని ఆపుత? సరే, ఉత్త చేతుల్తోటే పోదామని స్టార్ట్ చేస్తుంటే ఈమె దిగింది."

ఈమె అని ఆయన చూపించింది మా బడిలో నాలుగో తరగతి పిల్ల తల్లిని. చింతపండు అమ్ముకుని, ఖాళీ గంప చంకన పెట్టుకుని బస్సు దిగుతోంది. ఆమెను చూడగానే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నాలుగు రోజుల కిందే, ఇదే కొట్టు ముందు, ఆమెను పట్టుకుని కడిగేశాను. పిల్లను బడి మాన్పించి ఇప్పపువ్వు ఏరడానికి తీసుకుపోతోందని. "నీకు ఒక్క అక్షరం రాదు. నీ బిడ్డ కూడా నీలాగే ఉండాలా?" అన్నాను. ఇంతమందీ విన్నారు. ఆమె ఆ రోజు గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆమె బొడ్డు సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసి చూపించింది. నా కొత్త మందు పెట్టె. ఖాళీ అయిన పెట్టెల్ని నేను క్లాసులో పిల్లలకు ఇచ్చేస్తాను, పెన్సిల్ ముక్కలు దాచుకుంటారు. అలా వాళ్ళ ఇంటికి చేరిన పెట్టెలో ఆమె పొగాకు పెట్టుకుంటోంది.

"ఇదేందో చూడుమన్న షాపాయనను. నీ సూది మందు పెట్టెనే అని నా బిడ్డ చెప్పింది, ఇంక నాకు తెల్వదా? ఆయన పెట్టె అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. గసొంటిదే ఇచ్చిండు" అంది. "పొగాకు వాసనొస్తందని తిట్టిండు కూడా" అని డ్రైవరు నవ్వాడు. తర్వాత హోటలమ్మ వైపు తిరిగి, "తేనె మస్తుగుందట, చెప్పమన్నడు" అన్నాడు. హోటలమ్మ నా వైపు చూసి, నాకు కోపం లేదని తేల్చుకున్నాక, అప్పుడు నవ్వింది.

నేను ఆమె రెండు చేతులూ పట్టుకుని, "నాదే తప్పక్కా" అన్నాను. ఆ తర్వాత గంప పట్టుకున్న ఆ తల్లి దగ్గరికి పోయాను. నేను పలికే ప్రతి మాటా ఈ ఊరు మోస్తోందని, ట్రాక్టరులో మోసినట్టే నన్ను మోస్తోందని నాకు ఆ నిమిషంలో తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు. పదిమంది ముందు అన్న మాట పదిమంది ముందే వెనక్కి తీసుకోవాలి.

"మొన్న నేను నిన్ను ఆ మాట అనాల్సింది కాదు. తప్పయింది. మనసులో పెట్టుకోకు" అన్నాను.

ఆమె అర్థం కానట్టు చూసింది.

"అచ్చరం రాదన్న మాటా? రాదు గద, మేడం. అందుకే నా బిడ్డను నీకాడికి తోలుతున్న. నువ్వు పోతే దానికి ఎవలు చెప్తరు? ఏడు కావస్తంది, జల్దీ సూది ఏసుకో."

నేను ఫ్లాస్కు పట్టుకుని ఇంకా అక్కడే నిలబడి ఉంటే, దాని మూత ఆమే తీసింది.