మామగారి పేరున వదిలిన ఆంబోతు

మొన్న ఇక్కడ అమెరికాలో, మా అరోరా ఊరి లైబ్రరీవాళ్లు పాత పుస్తకాలు తీసేస్తూ తలుపు దగ్గర బల్ల మీద పేరిస్తే, వాటిలో దూడల పెంపకం మీద నేను ఒకప్పుడు నాలుగైదుసార్లు ఇంటికి తెచ్చుకున్న పుస్తకం కనబడింది. పాలు పట్టే అధ్యాయం పేజీలు నా వేలిమరకలతో నలిగి ఉన్నాయి. ఆంబోతుల అధ్యాయం మాత్రం కొత్తగా, పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉంది. దాన్ని పట్టుకుని అక్కడే కుర్చీలో కూర్చున్నాను.

మా తరంవాళ్లలో అమెరికా వచ్చినవాళ్లంటే డాక్టర్లూ ఇంజనీర్లే అనుకుంటారు గాని, మావారు ఇక్కడికి అరగంట దూరంలో ఒక ఫారంలో పనిచేసేవారు, మా ఇల్లూ అక్కడే. పాడి ఆవులకు పుట్టిన మగదూడలతో పాలవాళ్లకు పనిలేదు కనుక, వాటిని పుట్టిన మూడోరోజునే కొనితెచ్చి, పాలపొడి కలిపి పట్టి, దాణా మేపి, ఏడాదిన్నరకు మాంసానికి పంపడం ఆ ఫారం పని. ఇంటికి మాత్రం పాల ఫారం అని చెప్పాం. వచ్చిన వారంలోనే ప్రతి దూడకూ మావారు రబ్బరు రింగు బిగించి, మగతనం లేకుండా చేసేవారు. సీసాతో పాలు పట్టడం నా వంతు. ఎనిమిదో తరగతితో బడి మానినదాన్ని, డిక్షనరీ పక్కన పెట్టుకుని లైబ్రరీ పుస్తకాలతోనే ఆ పని నేర్చుకున్నాను. దూడ పారుకుంటే ఏం చేయాలో మావారికే చెప్పేదాన్ని, చెప్పి మురిసిపోయేదాన్ని.

మామగారు పోయినప్పుడు వెళ్లలేకపోయాం. ఆయన పేరున ఒక ఆంబోతును వదలమనీ, ఊళ్లో ఇప్పుడు అచ్చువేసి వదిలితే పొలాలవాళ్లు ఊరుకోవడం లేదనీ, అన్ని దూడలున్నచోట మీకేం కష్టమనీ అత్తగారు ఫోన్లో అడిగారు. మావారికి ఇష్టం లేదు. నేనే పట్టుబట్టి ఒక నల్లమచ్చల దూడకు రింగు వేయనివ్వలేదు. ఫారం యజమాని ముసలాయన దాన్ని మాకే ఇచ్చేశాడు గాని, పాడిజాతి కోడెను ఒంటరిగా పెంచి ముద్దుచేస్తే మనిషినే తన జాతి అనుకుంటుందనీ, పెద్దయ్యాక మనిషితోనే తలపడుతుందనీ ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆ పుస్తకమంతా చదివేశానన్నాను. రింగు వేసిన దూడలకు అక్కర్లేదని ఆ ఒక్క అధ్యాయమే దాటేసిన సంగతి నాకే గుర్తులేదు.

దానికి మామగారి పేరే పెట్టాను. ఇంటి వెనక కంచెలో ఉంచి, బ్రెడ్డు ముక్కలు తినిపించి, నుదురు గోకితే అది నా అరచేతిని నెట్టేది, నేనూ ఎదురు నెట్టేదాన్ని. ఏడాది దాటాక మనిషి కనబడితే చాలు, పక్కకు తిరిగి, మెడ వంచి, ఒళ్లంతా చూపిస్తూ నిలబడేది. సోకులు పోతోందనుకున్నాను. అది హెచ్చరిక అని తర్వాత చదివాను.

ఒక ఉదయం మావారు నీళ్లతొట్టి కడుగుతుంటే అది అలాగే పక్కకు తిరిగింది. వంటింటి కిటికీలోంచి చూసి నవ్వాను. ఆ నవ్వు ఆగకముందే ఆయన్ని కంచె గుంజకేసి అదిమింది. యజమాని ట్రాక్టర్ అడ్డుపెట్టేదాకా అదుముతూనే ఉంది.

తుంటి ఎముక విరిగింది, పక్కటెముకలు మూడు. ఆస్పత్రిలో మూడోరోజున ఆయన నాతో అన్నారు.

"బతికున్నన్నాళ్లూ మా నాన్న నా మీద చెయ్యెత్తలేదు. పోయాక నువ్వు కొట్టించావ్."

ఆంబోతు ఆ రోజే ట్రక్కు ఎక్కింది. పశువు మాది కనుక మాంసమూ మాదేనని, యజమాని మర్యాదగా అట్టపెట్టెలు ఇంటికి చేర్పించాడు. కోసినవాళ్లు పశువు పేరు అడిగితే తెలిసిన పేరే చెప్పాడట. తెల్లకాగితం పొట్లాలు, ప్రతి పొట్లం మీదా మామగారి పేరు. తినేవాళ్లం కాదు, పారేయడానికి చేతులు రాలేదు. చివరికి, ఆస్పత్రి నుంచి వచ్చాక, మావారే చక్రాల కుర్చీలోంచి ఒక్కొక్క పొట్లం మీద పేరు చదువుతూ అందిస్తే, ఫారం వెనక గొయ్యి తీసి నేను పూడ్చాను.

అత్తగారు ప్రతి ఆదివారం ఫోన్ చేసేవారు.

"అమ్మాయ్, ఆంబోతు ఎట్టా ఉన్నాడే?"

"బాగున్నాడత్తయ్యా, మేస్తున్నాడు."

"మీ మామయ్యా అంతే. తిండి దగ్గర మొహమాటం లేదు."

మంచం మీంచి మావారు నన్నే చూస్తూ ఉండేవారు.

ఇప్పుడక్కడ ఫారం లేదు, అన్నీ ఇళ్లే, సగం మనవాళ్లవే. పాలవాళ్లు ఇప్పుడు ఆవులకు పెయ్యదూడలే పుట్టేట్టు ముందే ఏర్పాటు చేసుకుంటున్నారని చదివాను. మావారు చేతికర్రతో పదేళ్లు నడిచి వెళ్లిపోయారు. అంతకుముందే అత్తగారు, తన భర్త పేరున ఒక ఆంబోతు ఎక్కడో పచ్చగడ్డి మేస్తోందన్న తృప్తితో పోయారు. ఆదివారాలు ఫోన్ మోగదు. ఇప్పుడడిగితే నిజం చెప్పేద్దామనే ఉంటుంది గాని, ఆ మాట అడిగే మనిషే లేదు.