టైగర్ ముత్తాత, నా గోత్రం

ఒక్క మాటతో కాబోయే పెళ్లాన్ని చెల్లెలిగా మార్చుకున్న ఘనుడు విశాఖపట్నంలో ఎవరైనా ఉన్నాడా అంటే, చెయ్యెత్తాల్సింది నేనే.

మధురవాడలో ఒకే ఆఫీసులో పనిచేసే సుజాతా, నేనూ ఇష్టపడ్డాం. వాళ్ల నాన్న ఒప్పుకోవడమే తరువాయి. మా అక్క మొగుణ్ణి వెంటబెట్టుకుని వన్ టౌన్‌లో వాళ్లింటికి వెళ్లాను. "మా నాన్న ముందు నీ కుక్క గొప్పలు చెప్పకు" అని సుజాత ముందే బతిమాలింది. వింటే నేనెందుకవుతాను? గుమ్మంలో పడుకున్న వీధికుక్కను చూడగానే నా నోరు ఆగలేదు.

"మా టైగర్ ఇలాంటిది కాదండి. వాళ్ల నాన్న, తాత, ముత్తాత సుల్తాన్, అందరూ పోటీల్లో నెగ్గినవాళ్లే. రక్తంలో ఉండాలండి!"

"ఓహో," అన్నారు సుజాత నాన్న. "కుక్క సంగతి తెలిసింది. మరి మీ ముత్తాత పేరేటి బాబూ?"

నేను బావ వైపు చూశాను. బావ ఫ్యాన్ వైపు చూశాడు.

"సర్లే, గోత్రమేటో అదైనా సెప్పు."

మా ఇంట్లో పూజలన్నీ అమ్మే చూసుకుంటుంది. నేను ప్రసాదం వేళకు వస్తాను. అమ్మకు ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. కానీ కుక్క వంశాన్ని గడగడా అప్పజెప్పిన నోటితో నా గోత్రం తెలీదనడానికి నామోషీ! అంతకు వారం ముందు సుజాతతో సింహాచలం వెళ్లినప్పుడు పూజారి చదివిన గోత్రం ఒకటి బుర్రలో మిగిలింది. ధైర్యంగా అదే అనేశాను.

"నాగేశ్వర గోత్రమండి!"

తలుపు చాటున సుజాత నెత్తి కొట్టుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"మాదీ అదే," అన్నారాయన. "అయితే మా పిల్ల నీకు సెల్లెలవుద్ది."

"కాదండీ, తప్పు చెప్పాను! అది మీది. మాది కాదు!"

"మరి మీదేటి?"

"అమ్మనడగాలండి."

"ఇంక మాటాడకు బామ్మర్దీ, నీకు దండమెడతాను," అని బావ నా కాలు తొక్కాడు.

"ఇప్పుడే గోత్రం మార్సినోడు రేపు అయ్యనీ మార్సేత్తాడు," అంటూ పెద్దాయన లేచిపోయారు.

సుజాత వచ్చి కాఫీ గ్లాసు ఠంగుమని నా ముందు పెట్టింది.

"తాగండి, అన్నయ్యా."

తర్వాత అమ్మ వచ్చి అసలు గోత్రం చెప్పి, ఆయన్ని బతిమాలి పెళ్లయితే జరిపించింది. కోపమొస్తే సుజాత ఇప్పటికీ అన్నయ్యా అనే పిలుస్తుంది. నేను మాత్రం ఆ కాఫీ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: మా ముత్తాత పేరు తెలిసేదాకా టైగర్ వంశం ఊసెత్తను. అమ్మను అడిగాను, తనకూ తెలియదట. మా ఇంట్లో ముత్తాత పేరు తెలిసినవాడు ఈనాటికీ టైగర్ ఒక్కడే.