కూడిక అయ్యాక వెళ్దామన్నాను

మా అమ్మ నాకించిన వసకొమ్ము వల్లే నా మేనకోడలి పేగు పాడైందని మా చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. డాక్టరుగారు అలా అనలేదు. ఆయన ఏమన్నారో విన్నది నేనొక్కదాన్నే. ఎవరేమన్నా ఎదురు చెప్పకుండా ఉండలేని నేను, ఈ ఒక్క విషయంలో ఏళ్ళ తరబడి నోరు మెదపలేదు. ఆ బరువే మీ ముందు దింపుతున్నాను. మీరు మొయ్యనక్కర్లేదు, వింటే చాలు.

తమ్ముడు కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు. పాప పుట్టినందుకు రాజోలులో మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. పందిరి వేయించింది, పాస్టరుగారిని పిలిచింది, వంటవాళ్ళతో గొడవపడింది అన్నీ నేనే. ముందురోజు సాయంత్రం మరదలు పాపనెత్తుకుని వచ్చింది.

"వదినగారండీ, పాప గుండె ఒకటే దడదడలాడిపోతందండి. పాలు కూడా సరిగా లాగట్లేదు. అమలాపురం తీసుకెళ్దామండి."

పాప గుండె మీద చెయ్యి వేశాను. ఒక్కో దెబ్బా విడిగా తెలియనంత వేగం.

"పసిపిల్లల గుండె వేగంగానే కొట్టుకుంటుంది. జువాలజీ చదివింది నువ్వా, నేనా?"

"మీరేనండి."

"మరి? రేపు ఇంటినిండా జనం వస్తంటే ఇప్పుడు ఆస్పత్రికి పరుగేంటి? కూడిక అయ్యేక వెళ్దాం."

"ఆయ్" అంది.

నేను చెప్పినదాంట్లో సగం నిజం. అందుకే గెలిచాను. కానీ నా చేతికి అనుమానం రాలేదా? వచ్చింది. మరి ఎందుకు ఆపాను? చదువు మీద నమ్మకమా, లేక నేను వేయించిన పందిరి వెలవెలబోతుందన్న బెంగా? ఎన్నిసార్లు తరచి చూసుకున్నా పందిరే ముందు కనిపిస్తోంది.

కూడిక బాగా జరిగింది. అందరూ తిన్నారు. సాయంత్రానికి పాప పొట్ట ఉబ్బింది. పచ్చగా కక్కింది. విరేచనంలో నెత్తురు.

కాకినాడలో పేగు కొంత కోసి తీసేశారు. ఇంగ్లీషు వచ్చినదాన్నని డాక్టరుగారు నాతోనే మాట్లాడారు. గుండె లయ తప్పి చాలాసేపు అలా పరుగెడితే పేగుకు రక్తం చాలదనీ, పసివాళ్ళ పేగు దాన్ని తట్టుకోలేదనీ, ఇక్కడ బహుశా అదే జరిగిందనీ చెప్పారు. అమ్మ వస నాకించిన సంగతి చెబితే, అది పెట్టకూడదుగానీ, దీనికి అదే కారణమనలేమన్నారు. గుండె వేగం ముందే ఎవరైనా గమనించారా అని అడిగారు.

"లేదండి" అన్నాను.

బయటికి వచ్చేసరికి వరండాలో మా మేనత్త అప్పటికే తేల్చేసింది, అమ్మ వస నాకించబట్టే అని. అమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. డాక్టరుగారి మాట నేను మింగేశాను. పాప గుండెకు మందు వాడుతుంటే, అది వేరే జబ్బనుకున్నారు ఇంట్లో వాళ్ళు. అనుకోనిచ్చాను.

పాప బతికింది. ఇప్పుడు బడికి వెళుతోంది, కొంచెం కొంచెంగా తింటుంది. అమ్మ మాత్రం మళ్ళీ దాన్ని ఎత్తుకోలేదు. ఒళ్ళో పెట్టబోతే, "నా చేతులు మంచివి కావే" అని వెనక్కి తీసుకునేది. అలాగే పోయింది. ఆ మాట విన్న ప్రతిసారీ చెప్పేయడానికి నాకు అవకాశం ఉండేది. ప్రతిసారీ ఊరుకున్నాను.

క్షమించమని అడగాల్సిన మనిషి లేదు. మిమ్మల్ని అడగను. రాశాక మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది.

ఆ డాక్టరుగారిని ఒకటి అడగాలని ఎప్పుడూ ఉండేది. అడిగితే నా అబద్ధం బయటపడేది. ఇప్పుడు దాచడానికేం లేదు కాబట్టి అడుగుతున్నాను: ఆ సాయంత్రమే తీసుకొచ్చి ఉంటే, ఆ పేగు దక్కేదాండీ?