తిన్నవాళ్ళు పడిపోని ఆట

నిన్న వనస్థలిపురంలో ఒక గృహప్రవేశానికి వెళ్ళాను. భోజనాల దగ్గర ఎవరో సాంబారు బకెట్ అంచుకు గరిటెను టంగుమని కొట్టారు. అందరూ విస్తళ్ళు సర్దుకున్నారు. నాకు మాత్రం వెంకటరత్నం గారి కంప్యూటర్ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఆయన ఎల్బీనగర్‌లో మా పైపోర్షన్‌లో కిరాయికి ఉండేవారు. కృష్ణా జిల్లా మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం. పెళ్ళి చేసుకోలేదు. తెర ముందు కూర్చుని, డబ్బాలోని అన్నం, ఏం తింటున్నారో కూడా చూసుకోకుండా, తినేవారు. బడి మధ్యలో మానేసిన నాకేమో కంప్యూటరంటే టీవీకి చెల్లెలు, అంతే. ఒకసారి దోసకాయ పప్పు ఇవ్వడానికి వెళ్తే తెర మీద పెళ్ళి పందిరి కనిపించింది.

"ఇదేంది సారూ, సినిమానా?"

"పాత యుద్ధం ఆటండీ. కోట, సైనికులు, తుపాకులు ఉండేవి. లోపలి యంత్రం దానిదే, పైనున్నదంతా తీసేసి నాది పెడుతున్నాను. గోడలు అలాగే ఉంచి కొత్త కాపురం పెట్టినట్టు. దీన్ని మోడ్ అంటారు."

ఇలా తమకిష్టమైన పాత ఆటలను ఊరికే, ప్రేమ కొద్దీ మార్చుకునేవాళ్ళు లోకమంతా ఉన్నారట. ఈయన ఆటలో కోట ఫంక్షన్ హాలైంది, తుపాకీ బకెటైంది. శత్రువులు గుంపులుగా వచ్చేచోట అతిథులు బంతులుగా వచ్చి కూర్చుంటారు. ఒక్కరు ఆకలితో లేచినా మనం ఓడినట్టే. ఏళ్ళ తరబడి చేస్తున్నారు. ఒకటే పట్టుదల. "పాత ఆటలోని చావు ఒక్కటి కూడా మిగలకూడదండీ. మిగిలితే నేను రంగు వేసినట్టే గానీ ఆట చేసినట్టు కాదు. అది పోయేదాకా బయటపెట్టను."

చూద్దామని మా అత్తమ్మను పైకి తీసుకెళ్ళాను. ఆయన తెర మీద ఒక పెద్దమనిషికి కడుపు నిండా వడ్డించారు. ఆ పెద్దమనిషి గుండె పట్టుకుని వెనక్కి విరుచుకుపడ్డాడు.

"తిని సచ్చిండు గదనే," అంది అత్తమ్మ. "గా సాంబార్ల ఏం కలిపినవ్ కొడుకా?"

ఆయన తెల్లబోయి, తర్వాత కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు. "పని అయిపోయినవాడు పడిపోవాలని పాత ఆటలో ఉందమ్మా. అదొక్కటే నాకు తెగడం లేదు. కడుపు నిండినవాడు ఏం చేస్తాడు?"

హాస్యానికి కాదు, నిజంగానే అడిగారు. అత్తమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. "బంతిల కూసోని తిని ఎన్నేండ్లయిందయ్యా?"

"గుర్తు లేదండీ."

ఆ వారమే బడంగ్‌పేట్‌లో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. ఆయన్ను లాక్కెళ్ళి, నడుముకు తువ్వాలు చుట్టి, చేతికి పప్పుచారు బకెట్ ఇచ్చాను. గరిటెలో సగం సగం పోస్తుంటే మావాళ్ళు ఊరుకుంటారా? "ఏంది సారూ, దవాఖానల మందు పోసినట్టు పోస్తున్నవ్?" అన్నారు. కాసేపటికి చెయ్యి కుదిరింది. ఉన్నట్టుండి వెంకటరత్నం గారు ఆగిపోయి, చెయ్యి ఎండిపోతున్నా లేవకుండా కూర్చున్న ఒక ముసలాయన్ను చూపించారు.

"ఈయన తినడం అయిపోయిందిగా, లేవరేం?"

"పక్కాయన ఇంకా తింటుండు గద సారూ," అన్నాను. " ఈయన లేస్తే ఆయన ముద్ద ఆపడా?"

పక్కాయన ముగించాడు. వరుసంతా ఒక్కసారే లేచింది. ఆయన బకెట్ పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. "దొరికిందండీ," అన్నారు మెల్లగా.

తర్వాత ఆటలో ఎవరూ పడిపోలేదు. కడుపు నిండినవాళ్ళు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, పక్కవాళ్ళ కోసం ఆగి, అందరితో కలిసి లేచేవారు. అందులో వినిపించే గరిటె చప్పుడు మా బకెట్ మీద కొట్టి రికార్డు చేసుకున్నది. "ఇంకొంచెం ఏస్కో బిడ్డా" అనే గొంతు అత్తమ్మది.

బయటపెట్టే ముందు నన్ను ఆడమన్నారు. ఆడిన ప్రతిసారీ ఓడిపోయాను.

"మీరు బకెట్ వైపు చూస్తున్నారండీ. ముఖాల వైపు చూడండి."

నిజమే. సరిపోతుందా, అందరికీ వస్తుందా అని పుట్టినప్పటి నుంచీ గిన్నెలోకే చూశాను. తలెత్తితే తెర మూలన ఒకామె కనిపించింది. చెయ్యి అడ్డం పెట్టింది గానీ చూపు బకెట్ మీదుంది. వడ్డించాను. వరుసంతా కలిసి లేచింది. ఆయన పసిపిల్లాడిలా చప్పట్లు కొట్టి, అప్పుడే ఆటను లోకానికి వదిలారు. ఏదో దేశం నుంచి ఒకరు రాశారట, ముసలమ్మ ఏమంటుందో తెలియలేదు గానీ ఆకలేసిందని. అత్తమ్మ అది వీధంతా చెప్పుకుంది.

ఆ తర్వాత ఆయన కిందికొచ్చి మాతోనే తినేవారు. అత్తమ్మ ముద్ద ముద్దకూ ఒక కథ చెప్పేది. ఆమె ముగించేదాకా ఆయన ఎండిన చేత్తో కూర్చునేవారు. సొంతూరికి వెళ్ళిపోయే రోజు కూడా అంతే, బయట ఆటో హారన్ కొడుతున్నా లేవలేదు.

నిన్న నేనూ ఒక బకెట్ అందుకున్నాను. బంతి చివర ఒకాయన చాలు చాలంటూ చెయ్యి అడ్డం పెట్టాడు. ముఖంలోకి చూశాను. పోశాను.