సగం తెగిన వాగ్దానం కార్డు

మా చర్చి అయ్యగారు పోయారని ఫోను వచ్చేసరికి నేను బడిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. గుండెపోటట. మీరేమనుకున్నా సరే, ఉన్నమాట చెబుతాను. ముందు నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. నాకు రావలసిన చావు ఆయన తీసుకుపోయారేమోనని.

సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో ఆయన ఇరవై ఏళ్లు పాస్టరు. కొత్త సంవత్సరం ఆరాధనకు వాగ్దానం కార్డులు కొనేవారు కాదు. వాక్యాలు జిరాక్సు తీయించి, అట్టకు అంటించి, తనే కత్తిరించేవారు. చూపు ఆనదు, కళ్లజోడు పెట్టుకోరు. బుట్టలోంచి తలా ఒకటి తీసుకుంటాం. ఆ ఏడంతా మనకు దేవుడిచ్చిన మాట అదే.

ఈ జనవరిలో నా కార్డు మీద ఒక్క వరుసే ఉంది. "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను". అంతే! "ఏ అపాయమునకు భయపడను, నీవు నాకు తోడై యుందువు" అన్న కింది వరుస కత్తెరకు పోయింది. అప్పటికి పది రోజులుగా నా రొమ్ములో గడ్డ చేతికి తగులుతోంది. ఎవరికీ చెప్పలేదు.

అందరూ వెళ్లాక ఆయన మీద విరుచుకుపడ్డాను. "ఏందండీ అయ్యగారూ ఇది? ఇదా నాకు వాగ్దానం?" ఆ కోపంలోనే గడ్డ సంగతీ చెప్పేశాను.

ఆయన కూర్చోబెట్టి, హీబ్రూ నేర్చుకున్న రోజులనాటి నోటుపుస్తకం తీశారు. "ఆ గాఢాంధకారాన్ని హీబ్రూలో సల్మావెత్ అంటారమ్మా. నీడ, చావు, రెండూ కలిసినయ్ అందులో. భయపడే మాటే, నేను కాదనను. కానీ సంచరించటానికి ఉన్న మాట హలాక్. నడవటం. లోయలో కాపురం పెట్టమన్లేదు తల్లీ, నడవమన్నాడు. రేపే గుంటూరెళ్లి పరీక్ష చేయించుకో."

నేను కదల్లేదు. అప్పుడు తన కార్డు నా చేతిలో పెట్టి, నాది జేబులో వేసుకున్నారు. "ఇది నా దగ్గరుండనీ. నువ్వు నడువు."

నడవలేదు. మిరపకాయలు కల్లాల్లోకి వచ్చేదాకా వాయిదాలు వేశాను. కనబడ్డప్పుడల్లా "నడిచావా?" అని అడిగేవారు. తప్పించుకు తిరిగాను. ఇంతలో ఆయనే వెళ్లిపోయారు.

భూస్థాపన అయిన మూడో రోజు అయ్యగారి భార్య, మా అమ్మగారి దగ్గర కార్డు మార్చుకున్న సంగతి చెప్పి భోరుమన్నాను. "పిచ్చిదానా! ఆయన గుండెజబ్బు నాలుగేళ్ల నాటిది. కార్డుకేం తెలుసే?" అని కసిరి, ఆయన బైబిల్లోంచి దాన్ని తీసిచ్చారు. "ఆ పూటంతా చెత్తబుట్ట తిరగేసి తెగిన ముక్క వెతికారమ్మా. నువ్వు గుంటూరెళ్లే రోజున ఇస్తానని దాచారు."

కింది వరుస అన్నం మెతుకుతో అతికించి ఉంది. వెనక వంకర అక్షరాలతో "హలాక్, నడవడం" అనీ, దాని కింద నా పేరు, "గుంటూరు, తోడు వెళ్లాలి" అనీ రాసుకున్నారు.

ఇదంతా గుంటూరు ఆసుపత్రిలో కూర్చుని రాస్తున్నాను. భయం పోలేదు, అబద్ధమెందుకు? పక్కన అమ్మగారు కునుకు తీస్తున్నారు. కార్డు మీద ఎండిన మెతుకు బొటనవేలికి గరుగ్గా తగులుతోంది. లోపలి నుంచి నా పేరు పిలుస్తున్నారు.