కలుపుతాండాను

పుంగనూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై తొమ్మిదేళ్లు ఆపరేటరుగా చేసి రిటైరైన సుగుణమ్మ, ఇప్పటికీ పొద్దున తొమ్మిదికల్లా తలదువ్వుకుని ఇంట్లో ఫోను పక్కన కూర్చుంటుంది. హెడ్‌ఫోను ఒత్తుకున్న చోట, ఎడమ చెవి పైన, జుట్టు గీతలా పలచబడింది. ఆమె గొంతు ఊరందరికీ తెలుసు. ముఖం చూసి గుర్తుపట్టేవాళ్లు బజార్లో ఒక్కరూ లేరు. గంటకోసారి రిసీవరెత్తి, టోను విని, పెట్టేస్తుంది.

నిన్న ఫోను మోగింది. "కుప్పం నించి మాట్లాడతాండా. మునిరత్నం మండీనా?" అన్నాడెవరో. "లైన్లో ఉండప్పా, కలుపుతాండాను," అనేసింది సుగుణమ్మ. కుడిచెయ్యి అలవాటుగా లేచి, కాల్ కలిపే ప్లగ్గు కోసం ఖాళీ గోడను తడిమింది. రాంగ్ నంబరని చెప్పి పెట్టేయొచ్చు. చెప్పలేదు. అవతల అతను ఓపిగ్గా కాచుకుని, కాసేపటికి, "అమ్మా, ఉండారా?" అన్నాడు.

రిసీవరును రెండు చేతులతో చెవికి అదుముకుని, "ఉండానప్పా," అంది.